వాలు సీలింగు గదికి ట్యూబులర్ స్కైలైట్ పెట్టించవచ్చా?

ప్రశ్న:
డాలస్ దగ్గర మా ఇంట్లో మధ్యగదికి కిటికీ లేదు. సీలింగు పైకప్పుతోపాటే ఏటవాలుగా సాగుతుంది, మధ్యలో అటక లేదు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మగారు పట్టపగలు కూడా లైటు వేసుకుని చదువుకోవలసి వస్తున్నది. ట్యూబులర్ స్కైలైట్ (పైకప్పు మీది పారదర్శక డోమ్ నుంచి గొట్టం ద్వారా పగటి వెలుతురును గదిలోకి దించే అమరిక) అడిగితే, వాలు సీలింగుకు అది పనికిరాదని ఒక కాంట్రాక్టరు అన్నారు. నిజమేనా? పెట్టవచ్చునంటే గొట్టం వ్యాసం 10 అంగుళాలది మేలా, 14 అంగుళాలదా?

మొదటి జవాబు:
పనికిరాదన్నది సరికాదండి. అటక ఉన్న ఇంట్లో తరచు గొట్టాన్ని వంపులు తిప్పుతూ దించవలసి వస్తుంది. మీకు పైకప్పుకూ సీలింగుకూ మధ్య దూరం తక్కువ కనుక గొట్టం పొట్టిగా, వంపు లేకుండా ఉంటుంది, వంపుల దగ్గర వృథా అయ్యే వెలుతురు మిగులుతుంది. అయితే డిఫ్యూజరు (గొట్టం కింది చివర వెలుతురును గదిలో పరిచే మూత) కూడా సీలింగుతోపాటు వాలుగానే కూర్చుంటుంది కాబట్టి, వెలుతురు సీలింగు ఎత్తుగా ఉన్న వైపుకు కొంత ఒరుగుతుంది. అమ్మగారు కూర్చునే చోటు చూసుకుని స్థలం నిర్ణయించండి.

రాఫ్టర్లు (పైకప్పును మోసే వాలు దూలాలు) మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాల ఎడంతో ఉంటే, కర్ర మందం పోను వాటి నడుమ ఖాళీ పద్నాలుగున్నర అంగుళాలే. అందులో 14 అంగుళాల గొట్టం దూర్చితే ఇరుపక్కలా ఇన్సులేషనుకు చోటుండదు. నేనైతే 10 అంగుళాలదే పెట్టిస్తాను.

రెండవ జవాబు:
అంతకన్నా ముందు మీ పైకప్పును మోసేవి రాఫ్టర్లా, ట్రస్సులా (కర్రలను త్రికోణాలుగా బిగించిన చట్రాలా) అన్నది తేల్చుకోండి. సిజర్ ట్రస్సులైతే (కింది కర్రలు కత్తెరలా ఏటవాలుగా ఉండే రకమైతే) సాధారణంగా సీలింగు వాలు పైకప్పు వాలుకన్నా తక్కువగా ఉంటుంది, నడుమ ఖాళీ ఉంటుంది, గొట్టానికి వంపు ముక్క కావలసి రావచ్చు. ఇంజనీరు రాసిచ్చిన అనుమతి లేకుండా ట్రస్సు కర్రను ఒక్కదాన్ని కూడా కోయనివ్వకండి.

మూడవ జవాబు:
మా ఇంట్లో రెండవ చలికాలంలో డిఫ్యూజరు అంచున నీటిచుక్కలు కనిపించాయి. వాన నీరు కారుతున్నదనుకుని పైకెక్కి చూస్తే ఫ్లాషింగు (డోమ్ చుట్టూ నీరు దిగకుండా బిగించే రేకు) సరిగానే ఉంది. పై అంచు షింగిల్స్ (పైకప్పు మీద పరిచే పలకలు) కిందికి, కింది అంచు వాటి మీదికి వచ్చేలా బిగించారు. గదిలోని వెచ్చని తడిగాలి డిఫ్యూజరు చుట్టూ ఉన్న సందులోంచి గొట్టంలోకి చేరి, చల్లబడిన డోమ్ లోపల నీరుగా మారుతున్నదని తరువాత తెలిసింది. ఆ సందును మూసే గాస్కెట్ (రబ్బరు పట్టీ వంటిది) మార్పించాక ఆ బాధ తప్పింది. మీది వడగళ్ల ప్రాంతం కాబట్టి డోమ్ దెబ్బను తట్టుకునే రకమా అని కూడా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
సీలింగులోని లైటు విప్పించి రంధ్రంలోంచి చూశాను. రాఫ్టర్లేనండి, ఎడం 16 అంగుళాలు. 10 అంగుళాలదే పెట్టిస్తున్నాను.