బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్‌కి ముందు తాగించే ‘మెరిసే మందు’: బీపీ పేషెంట్లకు ఇవ్వొచ్చా?

ఓరుగల్లు_ఆడబిడ్డ
మా నాన్నకు 66 ఏళ్లు. పోయినేడాది మెదడులో ఎడమ వైపు గ్లయోబ్లాస్టోమా అనే వేగంగా పెరిగే క్యాన్సర్ గడ్డకి ఆపరేషన్ అయింది. ఆ రోజు పొద్దున్నే 5-ఏఎల్ఏ అనే మందు నీళ్లలో కలిపి తాగించారు. నీలి లైటు వేస్తే ట్యూమర్ ఎర్రగా మెరుస్తుందని, డాక్టరుకు తీయడం సులువవుతుందని చెప్పారు. మత్తు ఇచ్చాక బీపీ పడిపోయింది, చాలాసేపు పైకి రాలేదు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఆపరేషన్ సమయంలో లో బీపీ, నారడ్రినలిన్ ఇచ్చాం’ అని రాశారు. అది బీపీని పెంచే మందట. ఇప్పుడు ఆయన కుడి చెయ్యి సరిగ్గా పని చేయదు. బీపీ టాబ్లెట్లు వాడేవాళ్లకు ఈ మందు ఇవ్వకూడదన్నది నా మాట. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

న్యూరో_పీజీ
మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ ఒక్క కేసు చూసి మందునే వద్దంటే రేపు వేరే పేషెంట్లు నష్టపోతారు. 2006లో జర్మనీలో స్టుమర్ బృందం ప్రచురించిన ట్రయల్ ఉంది. మామూలు తెల్ల లైటుతో చేసినప్పుడు, స్కాన్‌లో కనిపించే ట్యూమర్ మొత్తం తీయగలిగింది 36 శాతం మందిలో. ఈ మందు ఇచ్చినవాళ్లలో అది 65 శాతం. ఆరు నెలల దాకా ట్యూమర్ మళ్లీ పెరగనివాళ్లు 21 నుంచి 41 శాతానికి పెరిగారు. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. గ్లయోబ్లాస్టోమా అంచు మామూలు మెదడులో కలిసిపోయి ఉంటుంది. మైక్రోస్కోప్ పెట్టినా కంటికి తేడా తెలియదు. అక్కడ ఈ ఎరుపే మాకు దారి. బీపీ పడితే ఎక్కించుకోవడానికి మందులున్నాయి. వదిలేసిన ట్యూమర్‌ని తీయడానికి మాత్రం రెండో అవకాశం దొరకడం కష్టం.

కాకినాడ_సుబ్బు
మా మావయ్యకూ ఇచ్చారు. రెండు రోజులు చీకటి గదిలో ఉంచారంతే. బీపీ బాగానే ఉంది.

మత్తు_డాక్టర్_గుంటూరు
నేను ఎనస్తీషియా. ఈ ఆపరేషన్లలో బీపీ పడడానికి ఒక్కటే కారణం ఉండదు. పేషెంట్ రాత్రి నుంచి ఏమీ తిని ఉండడు. ప్రొపోఫాల్ అనే మత్తు మందు రక్తనాళాలను సడలిస్తుంది. మెదడు వాపు తగ్గాలని మానిటాల్ ఇస్తాం, ఒంట్లో నీరు పోతుంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే ఫెనిటోయిన్ వేగంగా ఎక్కిస్తే అదీ బీపీని దించుతుంది. ఇవన్నీ ఒకే గంటలో కలుస్తాయి. ఒక్క మాట అడుగుతానమ్మా, నాన్నగారు వాడే బీపీ టాబ్లెట్ ఏది? ఆపరేషన్ రోజు పొద్దున కూడా వేశారా?

ఓరుగల్లు_ఆడబిడ్డ
టెల్మిసార్టాన్. వేశాం సార్. బీపీ టాబ్లెట్ ఆపొద్దని అన్ని చోట్లా చెప్తారు కదా. ఆపమని మాకు ఎవరూ చెప్పలేదు.

న్యూరో_పీజీ
చూశారా! అయితే తప్పు టెల్మిసార్టాన్‌ది. మెరిసే మందుది కాదు.

మత్తు_డాక్టర్_గుంటూరు
పీజీ గారూ, అంత తొందరగా తీర్పు ఇవ్వకండి. టెల్మిసార్టాన్ జాతి మందులను ఆపరేషన్‌కు 24 గంటల ముందు నుంచి ఆపమని చాలా చోట్ల చెప్తారు. అవి వేసుకుని వస్తే మత్తు ఇచ్చాక పడిన బీపీ మామూలు ఇంజెక్షన్లకు లొంగడం కష్టం. అది నిజం. కానీ 5-ఏఎల్ఏ కూడా అమాయకమైనది కాదు. ఒంట్లో అది ప్రోటోపార్ఫిరిన్‌గా మారుతుంది. ట్యూమర్‌లో మెరిసేది అదే. ఆ పదార్థమే రక్తనాళాల గోడల్లో గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను కదిలించగలదు. గుండె నొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ ఇచ్చినా చివరికి కదిలేది ఆ ఎంజైమే. నాళాలు వెడల్పవుతాయి, బీపీ దిగుతుంది. యూరప్‌లో మందు సమాచార పత్రంలోనే, ముందు నుంచి గుండె జబ్బున్నవాళ్లకు జాగ్రత్తగా ఇవ్వమని ఉంది. జపాన్‌లో బ్లాడర్ ట్యూమర్లకు ఇదే మందు వాడుతూ లో బీపీ కేసులు బోలెడు రాశారు. టాబ్లెట్టూ, ఈ మందూ కలిస్తే ఒకదాని మీద ఒకటి పడుతుంది.

డల్లాస్_సిస్టర్
ఇక్కడి లేబుల్‌లోనూ ఆపరేషన్ తర్వాత వారంలో కనిపించేవాటిలో జ్వరం, వికారం, వాంతులతో పాటు లో బీపీ అని ఉంది.

విజయవాడ_ఫార్మసీ
ఇంత గొడవ ఎందుకు? ఫ్లోరెసిన్ అనే రంగు మందు ఉంది కదా. కంటి డాక్టర్లు ఎప్పటి నుంచో వాడుతున్నదే. చాలా చవక. నరానికి ఇస్తే పసుపుగా మెరుస్తుంది.

మత్తు_డాక్టర్_గుంటూరు
చవకే, మేమూ వాడతాం. అయితే అది ట్యూమర్ కణాల్లోకి వెళ్లి మెరవదు. మెదడు రక్తనాళాల అడ్డుగోడ దెబ్బతిన్న చోటల్లా కారి మెరుస్తుంది. ఇక బీపీ సంగతి. ఫ్లోరెసిన్‌కి అరుదుగా తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది, ఊపిరితిత్తులు బిగుసుకుంటాయి. పేషెంట్ గుడ్డల కింద ఉంటాడు, ఒంటి మీద దద్దుర్లు మాకు కనిపించవు. అడ్రినలిన్ చేతిలో పెట్టుకునే ఇవ్వాలి.

న్యూరో_పీజీ
ఫ్లోరెసిన్‌తో అంచు అంత నమ్మకంగా తెలియదు, 5-ఏఎల్ఏకు అది సాటి కాదు. సార్, మీరు మొదటి నుంచీ మానిటర్ మీద అంకె గురించే మాట్లాడుతున్నారు. ఆ అంకె బాగుండి, పేషెంట్ ఆరు నెలలకు ట్యూమర్ తిరగబెట్టి వస్తే ఎవరికి లాభం? మీ పని ఆ రోజు సాయంత్రంతో అయిపోతుంది. తర్వాత ఆ కుటుంబం ముందు కూర్చునేది మేము.

మత్తు_డాక్టర్_గుంటూరు
ఆ మాట అనకుండా ఉండాల్సింది. మెదడుకు రక్తం అందాలంటే బీపీ కావాలి. సగటు బీపీలోంచి తల లోపలి ఒత్తిడి తీసేస్తే మిగిలేదే మెదడుకు దక్కే బలం. వాచిన మెదడులో ఆ ఒత్తిడి ముందే ఎక్కువ. మీరు అంకె అంటున్నది పేషెంట్ చెయ్యి, మాట, చూపు. ఇంకో సంగతి చెప్పనా? ఈ మందు మత్తుకు మూడు గంటల ముందు వార్డులో తాగిస్తారు. తాగించారన్న సంగతి నాకు ఓటీ టేబుల్ దగ్గర తెలిసిన రోజులున్నాయి. ముందే తెలిస్తే బీపీని క్షణక్షణం చూపించే ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టే సన్న గొట్టం) వేసుకుని, మత్తు నెమ్మదిగా ఇచ్చి, నారడ్రినలిన్ కలిపి సిద్ధంగా ఉంటాను. మందు వద్దని నేనెప్పుడూ అనలేదు. చెప్పి ఇవ్వండి అంటున్నాను.

కాకినాడ_సుబ్బు
ఇద్దరూ పెద్ద చదువులు చదివారు, కాస్త శాంతంగా సార్.

న్యూరో_పీజీ
సరే, నేనూ సూటిగా అడుగుతాను. మేడమ్, ఆపరేషన్ తర్వాత ఎంఆర్ఐలో రక్తం అందక దెబ్బతిన్న చోటు ఉందని రాశారా?

ఓరుగల్లు_ఆడబిడ్డ
అలా ఏమీ రాయలేదు. ‘ట్యూమర్ పూర్తిగా తీశాం’ అని ఉంది.

న్యూరో_పీజీ
అయితే చెయ్యి బలహీనం కావడానికి బీపీ కారణం కాకపోవచ్చు. చేతిని కదిలించే భాగం పక్కనే ట్యూమర్ ఉంటే, ఎర్రగా కనిపించినంత మేరా తీసినప్పుడు ఆ నష్టం జరగవచ్చు.

ఓరుగల్లు_ఆడబిడ్డ
ఈ మాట ఇన్నాళ్లకు మీ నోట వింటున్నాను. మా నాన్న దర్జీ. కుడి చేత్తో కత్తెర పట్టి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. పక్షవాతం వచ్చినట్టు అయింది, బీపీ వల్లే అనుకున్నాను. ఎక్కువ తీయడం వల్ల కావచ్చు అని ఎవరూ అనలేదు. మీరు 65, 36 అంటున్నారు. అదే ట్రయల్‌లో మొత్తం మీద ఎంతకాలం బతికారో కూడా చెప్పండి.

న్యూరో_పీజీ
మధ్యస్థంగా మందు తీసుకున్నవాళ్లు 15.2 నెలలు, తీసుకోనివాళ్లు 13.5. ఆ తేడా గణాంకాల లెక్కలో నిలవలేదు. కానీ పూర్తిగా తీసినవాళ్లు ఎక్కువ కాలం ఉంటారని వేరే పరిశీలనలు చెప్తున్నాయి. నేను ఇప్పటికీ పూర్తిగా తీయడం వైపే ఉంటాను. నాన్నగారు ఏడాది దాటి మీ మధ్య ఉన్నారంటే అందులో ఆ ఆపరేషన్ పాలు లేదంటారా?

ఓరుగల్లు_ఆడబిడ్డ
ఉండొచ్చు. కాదనను. కానీ చెయ్యి పోయినా ఫర్వాలేదు, ఎక్కువ తీయండి అని ఒప్పుకునే హక్కు ఆయనది. లేదా చెయ్యి ఉంచండి, కొంచెం వదిలేయండి అనే హక్కూ ఆయనదే. సంతకం పెట్టించుకున్న కాగితంలో రెండూ లేవు. నా గొడవ బీపీతో మొదలైంది గానీ, అసలు అడగాల్సింది ఇదే.

డల్లాస్_సిస్టర్
మేడమ్ మాటతో నేను ఏకీభవిస్తాను. అలాంటి చోట ట్యూమర్ ఉంటే చేతి నరాల సిగ్నల్ చూసుకుంటూ తీస్తారు. ఆ సదుపాయం ఉందా అని కూడా ముందే అడగాలి.

న్యూరో_పీజీ
అడగాలి, నిజమే. కానీ ఎర్రగా మెరుస్తున్న దాన్ని చూస్తూ వదిలి బయటికి రావడం ఎంత కష్టమో ఇక్కడ రాస్తే అర్థం కాదు. నా అభిప్రాయం మారలేదు.

నెల్లూరు_శ్రావణి
కొత్తగా చేరాను. మా అమ్మకు సోమవారం ఇదే ఆపరేషన్. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. తాగించే మందు ఉంటుందని వాళ్లే చెప్తారా, మేము అడగాలా? బీపీ టాబ్లెట్ ఇప్పుడే ఆపేయాలా?

మత్తు_డాక్టర్_గుంటూరు
మీ అంతట మీరు ఏదీ ఆపొద్దమ్మా. కొన్ని బీపీ మందులు ఆ రోజు కూడా వేయాల్సిందే, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ల లాంటివి. మత్తు డాక్టర్ చెకప్‌కి వెళ్లేటప్పుడు అన్ని టాబ్లెట్ల అట్టలూ తీసుకెళ్లండి. మెరిసే మందు ఇస్తున్నారా, ఏది, ఎన్నింటికి అని మీరే అడగండి. ఏ టాబ్లెట్ ఏ రోజు నుంచి ఆపాలో చీటీ మీద రాయించుకోండి.

ఓరుగల్లు_ఆడబిడ్డ
సర్జన్‌ని కూడా అడుగు చెల్లీ, అమ్మ చేతికో మాటకో ముప్పు ఉంటే ఎక్కడ ఆపుతారో. అమ్మ ముందే అడుగు.