డెన్వర్‌లో గంజాయి లీగలే కదా, మరి ఎఫ్‌1 స్టూడెంట్ వీసా వాళ్లకి?

డాలస్ కుర్రాడు:
అన్నలూ, ఎంఎస్ చివరి సెమ్‌లో ఉన్నా. రూమ్‌లో నలుగురం వచ్చే నెల కారేసుకుని కొలరాడోలోని డెన్వర్ వెళ్తున్నాం. అక్కడ గంజాయి షాపుల్లోనే అమ్ముతారు, 21 నిండిన ఐడీ చూపిస్తే చాలు, గమ్మీలు (గంజాయి మందు కలిపిన జెల్లీ మిఠాయిలు) నాలుగు డబ్బాలు తెచ్చుకుందాం అని ఒకడి గోల. మోకాలి నొప్పని చెప్పి మెడికల్ కార్డు తీసుకుంటే ఇంకా సేఫ్ అని ఇంకొకడు. వీసాకి ఏమన్నా అవుతుందా? నవ్వకండి, నిజంగానే తెలీక అడుగుతున్నా.

అమరిల్లో బావ:
తెచ్చుకునే మాట మర్చిపో తమ్ముడూ. రాష్ట్రం దాటించడమే ఫెడరల్ నేరం, పైగా మీరు 287 హైవే మీద తిరిగొచ్చేది డ్యూమస్, అమరిల్లో మీదుగా, అంటే టెక్సస్‌లోకి. ఇక్కడ ఆకు 2 ఔన్సుల లోపు దొరికితే మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం, 180 రోజుల దాకా జైలు. గమ్మీలది వేరే లెక్క, అందులో ఉండేది గంజాయి నుంచి తీసిన టీహెచ్‌సీ (మత్తెక్కించే పదార్థం) కాబట్టి గ్రాము లోపున్నా ఫెలనీయే, అంటే పెద్ద నేరమే. అందులో మందు 10 మిల్లీగ్రాములేగా అనకు, పంచదార, జెలటిన్‌తో సహా మొత్తం బరువు లెక్కేస్తారు. ఇంట్లో మామూలు గమ్మీ ఒకటి తూచి చూడు, ఒక్కటే గ్రాము దాటేస్తుంది.

ఎడిసన్ అక్క:
మా న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ నుంచి 21 నిండిన అందరికీ అమ్ముతున్నారు. కందిపప్పు కొనుక్కుని పార్కింగ్‌లోకి వస్తే చాలు, ఏదో ఒక కారులోంచి ఆ వాసన. అయినా మా ఇంట్లో ఎవరం ముట్టుకోం, ఎందుకంటే ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది ఫెడరల్ చట్టం, రాష్ట్రానిది కాదు. కేసు, శిక్ష ఏమీ లేకపోయినా, కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌లోనో ఎయిర్‌పోర్టులోనో "అవును, తీసుకున్నా" అని ఒప్పుకుంటే అదే నీ మెడకు చుట్టుకోవచ్చు. అలాగని అబద్ధం చెబితే అది ఇంకో పెద్ద కేసు. 30 గ్రాముల లోపు పర్లేదట అని చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు, ఆ మినహాయింపు ఇక్కడి నుంచి డిపోర్ట్ చేసే సెక్షన్‌లోది, ఇండియా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు అది పనిచేయదు. ఇక కార్డంటావా, కొలరాడో కార్డు ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకే ఇస్తారు. ఇచ్చినా నీ పేరు మీద ఒక కాగితం మిగలడం తప్ప వీసాకి ఒరిగేదేం లేదు.

బెంచ్ మీద రాజు:
ఓపీటీ, అంటే చదువయ్యాక ఎఫ్‌1 మీద చేసే ఉద్యోగం సంగతి కూడా చూసుకో. కొన్ని క్లయింట్లు జాయినింగ్‌కి ముందు డ్రగ్ టెస్ట్ పెడతాయి. కొలరాడోలోనే, మెడికల్ కార్డు ఉండి ఇంట్లో వాడుకున్న మనిషిని డిష్ నెట్‌వర్క్ తీసేస్తే, 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. మనమెంత?

డాలస్ కుర్రాడు:
థాంక్స్ అక్కా, బావా. నా వరకు క్యాన్సిల్. కానీ వాడు వినేలా లేడు, నా బ్యాగులో పెట్టుకుంటా నీకేంటి అంటున్నాడు. కారు మాత్రం నాది.

అమరిల్లో బావ:
అయితే బయల్దేరే ముందు ఆ బ్యాగు నువ్వే విప్పి చూడు. లేదంటే వాణ్ణి ఫ్లైట్‌లో పొమ్మను.