గోడ రంగు కింద డబ్ల్యూపీఏ కుడ్యచిత్రం: పొరలు తీయడంపై సలహా కావాలి

న్యూజెర్సీలో 1930ల నాటి స్కూలు భవనం. డబ్ల్యూపీఏ అంటే మాంద్యం రోజుల్లో కళాకారులకూ పని కల్పించిన అమెరికా ఫెడరల్ పథకం. హాలు గోడ మీద పక్కనుంచి టార్చి వేస్తే రంగు కింద కాన్వాసు అతుకు నిలువుగా కనబడుతోంది. నెవార్క్ విమానాశ్రయంలో ఇదే పథకం కింద చిత్రకారుడు ఆర్షిల్ గోర్కీ వేసిన 10 చిత్రాల్లో 2 మాత్రమే 1970లలో బయటపడ్డాయి, అదీ 14 పొరల రంగు కింద నుంచి. కాబట్టి ఇదీ బతికే ఉండొచ్చు.

ఒక సెంటీమీటరు చదరంలో స్కాల్పెల్‌తో పొరలు విప్పి చూస్తే పైన లేటెక్సు (నీళ్లలో కలిపే రంగు), దాని కింద ఆయిల్ పెయింటు. అసలు చిక్కు ఆ ఆయిల్ పొరతోనే. కింద చిత్రం కూడా ఆయిలే కాబట్టి, దాన్ని కరిగించేది చిత్రాన్నీ మెత్తబరుస్తుంది. అసిటోన్ లాంటి ద్రావకం నేరుగా పూస్తే కారిపోతుంది. కారకుండా నిలిచే బెంజైల్ ఆల్కహాల్ (రంగును మెత్తబరిచే ద్రావకం) జెల్ వాడినవాళ్లు ఎన్ని నిమిషాలు ఉంచారు, దేంతో తుడిచారు? పాత రంగులో సీసం ఉండొచ్చు గనుక గీకుడు, సాండింగు వద్దనుకుంటున్నాం. కాన్వాసును సీసపు తెలుపుతో (లెడ్ వైట్ రంగు ముద్ద) అంటించి ఉంటే ఊడదీయబోతే చిరుగుతుంది, అందుకే గోడ మీదే పని చేయాలి.

ఇంకొకటి: ఇలాంటి చిత్రంపై హక్కు స్కూలు బోర్డుదా, ఫెడరల్ ప్రభుత్వానిదా? జీఎస్ఏకి (ఫెడరల్ ఆస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) రాసినవాళ్లు ఏ కాగితాలు జతచేశారో చెప్పండి. వేసవిలో గోడకి మళ్లీ రంగు వేస్తారట, అంతకుముందే ఆపించాలి.