చెక్క పనిలో ఓపిక అంటే నెమ్మదిగా చేయడమేనా?

కొత్తచెయ్యి:
ఆఫీసు అయ్యాక చిన్న చెక్క పెట్టెలు చేయడం నేర్చుకుంటున్నా. మిషన్లు లేవు, రంపం, చిత్రిక, రెండు ఉలులు, అంతే. ఎవరిని అడిగినా ఓపిక పట్టమంటారు. నెమ్మదిగానే చేస్తున్నానండీ, అయినా అడ్డంగా కోసిన వైపు ఉలి పెడితే చెక్క నలిగిపోతోంది, చిత్రిక పడితే అక్కడక్కడా పెచ్చులు లేస్తున్నాయి. ఇంకెంత ఓపిక పట్టాలి?

సానరాయి:
నలుగుతోందంటే ఉలికి పదును లేదు, మీ ఓపిక సరిపోకపోవడం కాదు. 1000 నంబరు సానరాయి మీద (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) 25 నుంచి 30 డిగ్రీల కోణంలో రుద్దండి. ఉలి వెనక వైపు, అంటే చదునుగా ఉండే వైపు, వేలు పెట్టి అంచు బయటికి జరిపితే సన్నటి గరుకు తగలాలి, అదీ ఒక మూల కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అది రాకముందే 6000 రాయికి వెళ్లారనుకోండి, ఎంతసేపు రుద్దినా మెరుపొస్తుంది గానీ పదును రాదు. చాలామంది తొందరపడేది ఇక్కడే. చివర్లో వెనక వైపుని రాయి మీద పూర్తిగా ఆనించి ఆ గరుకు తీసేయండి, కాస్త కూడా పైకి ఎత్తొద్దు.

హడావుడి:
గ్రైండర్ మీద పెడితే నిమిషంలో అయిపోయేదానికి ఇంత కథ ఎందుకు?

సానరాయి:
పెట్టొచ్చు, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ. మామూలు కార్బన్ ఉక్కు అయితే అంచు నీలం తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే, ఆ నీలం ఉన్నంత మేరా అరగదీయాలి. అప్పుడు మీ నిమిషం ఎంతవుతుందో చూడండి :)

చెక్కపొట్టు:
పెచ్చుల సంగతి ఎవరూ చెప్పలేదే. పలకని పక్క నుంచి చూడండి, చారలు ఏ వైపుకి పైకి ఎక్కుతున్నాయో చిత్రిక ఆ వైపుకే తోయాలి, ఎదురు తోస్తే బ్లేడు చారల కిందికి దూరి పెచ్చు లేపేస్తుంది. ఒకే పలకలో ఈ దిశ మధ్యలో మారిపోతుంటుంది కూడా, అలాంటి చోట బ్లేడు బాగా లోపలికి తీసి సన్నటి పొట్టు మాత్రమే వచ్చేలా పెట్టుకోండి.
ఓపిక అంటారా, నా మటుకు నాకు అది నిజంగా కావాల్సింది కొత్త చెక్కని వెంటనే కోయకుండా పని చేసే గదిలో కొన్ని వారాలు వదిలేయడానికి. గాలిలో తేమని బట్టి చెక్క వెడల్పు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పొడవులో ఆ తేడా దాదాపు ఉండదు.

కొత్తచెయ్యి:
అంటే పెట్టె అడుగు పలకకి నాలుగు వైపులా జిగురు పెట్టకూడదా?

చెక్కపొట్టు:
పెట్టొద్దు, పలక పగులుతుంది, లేదా మూలలు విడిపోతాయి. చుట్టూ గాడి తీసి వెడల్పు వైపు కాస్త ఖాళీ ఉంచి వదులుగా కూర్చోబెట్టండి. ప్లైవుడ్ అయితే ఈ బాధ లేదు, జిగురు పెట్టేయండి.