‘బిట్ స్లైస్’కు ముక్క చాలదు, బద్ద కావాలి

సభ్యులకు నమస్కారం. పాతకాలపు కంప్యూటర్ల మీద ఒక వ్యాసం రాస్తూ ‘బిట్ స్లైస్’ అన్న మాటకు తెలుగు దొరక్క ఆగిపోయాను. చిన్న చిప్‌లను పక్కపక్కన చేర్చి పెద్ద యంత్రాన్ని కట్టే పద్ధతిలో ఒక్కొక్క చిప్‌కు ఆ పేరు. అందరికీ ముందుగా తోచేది ‘ముక్క’. అయితే ముక్క అన్నప్పుడు కోత ఎటు పడిందో తెలియదు, ఇక్కడ అసలు విషయమంతా ఆ కోతలోనే ఉంది.

1975లో ఏఎండీ సంస్థ తెచ్చిన ఏఎం2901 చిప్‌నే చూడండి. దానిలో 16 రిజిస్టర్లు (లెక్కలో ఉన్న సంఖ్యలను దాచుకునే గదులు), కూడికలూ తీసివేతలూ తార్కిక క్రియలూ చేసే గణన విభాగం, బిట్లను, అంటే 0, 1 అంకెలను, పక్కకు జరిపే ఏర్పాటు, ఇవన్నీ ఉన్నాయి. కాని అన్నీ నాలుగు బిట్ల వెడల్పు మేరకే. అటువంటివి నాలుగు పక్కపక్కన పేరిస్తే 16 బిట్ల యంత్రమవుతుంది, ఎనిమిది పేరిస్తే 32 బిట్లది. జ్యూరిక్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ బృందం నిర్మించిన లిలిత్ అనే కంప్యూటర్ మొదటి రకం, డెక్ అనే కంప్యూటర్ల సంస్థ వారి వాక్స్-11/730 రెండవ రకం. అంటే రిజిస్టర్లను ఒక చిప్‌లోనూ గణన విభాగాన్ని మరొక చిప్‌లోనూ పెట్టేలా అడ్డంగా కోయలేదు, నిలువునా చీల్చారు. ఆవకాయకు కాయ కొట్టేటప్పుడు తొక్కా, కండా, టెంకా మూడూ ప్రతి బద్దకూ రావాలని చూస్తాం కదా, ఇదీ ఆ కోతే. అందుకే ‘బిట్ బద్ద’ అందామని నా ప్రతిపాదన.

స్పందన: బాగుందండీ. అయితే పనస తొనలో కూడా కండా పిక్కా రెండూ ఉంటాయి, ‘తొన’ ఎందుకు కూడదు? పైగా ‘బద్దలు’ అనగానే పగిలిపోవడమే గుర్తుకు వస్తుంది.

జవాబు: తొనకు పక్క తొనతో పని లేదండీ, ఈ చిప్‌కు ఉంది. ఒక బద్దలో 9, 9 కలిపితే 18 వస్తుంది. నాలుగు బిట్లలో 15 దాకానే పడుతుంది గనుక అక్కడ 2 మిగిలి, 16 విలువ గల ఒకటి పక్క బద్దకు చేరాలి. చిన్నప్పుడు మనం ‘చేతిలో ఒకటి’ అనుకున్నది అదే. అది ఒక్కొక్క బద్దే దాటుకుంటూ పోతే ఆలస్యమవుతుందని, ఏ బద్దకు చేతిలో ఒకటి వస్తుందో ముందే లెక్కగట్టడానికి ఏఎం2902 అనే చిప్‌ను ప్రత్యేకంగా చేశారు. ఇంత ఇరుగుపొరుగు సంబంధం ‘తొన’లో కనబడదు. బహువచనం విషయంలో మాత్రం మీ అభ్యంతరం న్యాయమైనదే. ‘బద్దలు’ అనకుండా ‘బద్ద చిప్‌లు’ అని రాస్తాను.