ట్రాజన్ నాణెం మీద ‘ట్రయానో’: అక్షరదోషమా, విభక్తా?

ప్రశ్న

నాణేలు సేకరించే మిత్రుడొకరు రోమన్ చక్రవర్తి ట్రాజన్ దెనారియస్ (రోమన్ల వెండి నాణెం) ఫొటో పంపారు. లాటిన్‌లో ఆయన పేరు ట్రయానుస్ కదా, దీని మీద ‘ట్రయానో’ అని ఉంది. పేరే తప్పు కొట్టారు కాబట్టి నకిలీ అని ఇంకొకాయన వాదన. తల బొమ్మ వైపు అక్షరాలు: ఇంప్ ట్రయానో ఆగ్ గెర్ డాక్ పి ఎం టి ఆర్ పి. వెనక వైపు: కాస్ 5 పి పి ఎస్ పి క్యూ ఆర్ ఆప్టిమో ప్రింక్. లాటిన్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు

నాణెం అసలుదో కాదో ఫొటో చూసి తేల్చలేం గానీ, ‘ట్రయానో’ని చూసి మాత్రం అనుమానపడక్కర్లేదండి. అది చతుర్థీ విభక్తి, అంటే ‘ట్రాజన్‌కు’ అని. మనకు రామః, రామాయ ఎలాగో వాళ్లకు ట్రయానుస్, ట్రయానో అలాగ.

ఈ నాణేన్ని ఒక వైపే చదివి ఆపేస్తే అర్థం కాదు. రెండు వైపులా కలిపి ఒకే వాక్యం. కర్త వెనక వైపున ఉన్నాడు: ఎస్ పి క్యూ ఆర్, అంటే రోమ్ సెనేటూ ప్రజలూ. ఎవరికి? చక్రవర్తి ట్రాజన్‌కు, ‘ఆప్టిమో ప్రింకిపి’, ఉత్తమ ప్రభువుకు. క్రియ ఎక్కడా లేదు. పుస్తకం అంకితం పేజీలో ‘అమ్మకు’ అని ఒక్క మాట వేసి వదిలేస్తాం చూడండి, అలాంటిదే.

మిగతా పొడి అక్షరాల్లోనే నాణెం వయసు ఉంది. ఇంప్, ఆగ్ చక్రవర్తి బిరుదులు. గెర్ అంటే గెర్మానికస్ (జర్మన్ తెగల విజేత), 97లో వచ్చిన బిరుదు. డాక్ అంటే డాకికస్ (డాకియా విజేత), డాకియా (నేటి రొమేనియా ప్రాంతం) మీద మొదటి యుద్ధం గెలిచాక 102 చివర్లో వచ్చింది. పి ఎం ప్రధాన పురోహితుడు, పి పి దేశపిత. కాస్ 5 అంటే అయిదోసారి కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత అధికార పదవి). అది 103లో. ఆరోసారి 112లో అయ్యాడు. కాబట్టి మీ మిత్రుడి నాణెం 103–111 మధ్యది. టి ఆర్ పి అనే ట్రిబ్యూన్ (ప్రజల తరఫు ప్రతినిధి) అధికారం ఏటా కొత్తగా లెక్కకొస్తుంది. చాలామంది చక్రవర్తుల నాణేలపై దాని పక్కన అంకె ఉంటే సంవత్సరం ఇట్టే దొరుకుతుంది. ట్రాజన్ నాణేలపై మామూలుగా ఆ అంకె వేయలేదు, అందుకే మనకింత తలనొప్పి.

ఒక సందేహం

సార్, చిన్న అడ్డం. లాటిన్‌లో ‘ఓ’తో ముగిసే రూపం చతుర్థికీ పంచమికీ ఒకటే కదా? ‘ట్రాజన్ వల్ల’ అనో ‘ట్రాజన్ చేత’ అనో ఎందుకు కాకూడదు?

జవాబు

మంచి పట్టే పట్టారు. ‘ట్రయానో’, ‘ఆప్టిమో’ రెండూ రెండు రకాలుగానూ చదవచ్చు. వెండి నాణెం చిన్నది, చోటు చాలక చివరి మాటను ‘ప్రింక్’ అని నరికేశారు. అదే కాలపు పెద్ద కంచు నాణేలు చూడండి, అక్కడ ‘ప్రింకిపి’ అని పూర్తిగా ఉంటుంది. పంచమి అయితే ‘ప్రింకిపె’ అవ్వాలి. తగువు అక్కడితో సరి. ఈ పద్ధతి ట్రాజన్‌తో మొదలైందీ కాదు, తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్ దెనారియస్‌ల మీదే ‘కైసరి అవ్‌గుస్టో’ కనిపిస్తుంది.

వర్గీకరణకు పనికొచ్చే ఇంకో ముక్క. ‘ఆప్టిమో’ ఏ వైపు ఉందో చూడండి. మొదట్లో అది వెనక వైపు పొగడ్త. 114 నుంచి అది అధికారికంగా పేరులో భాగమై తల వైపుకు వచ్చేసింది. 116లో ‘పార్థికో’ (పార్థియా విజేతకు) కూడా చేరింది. ఈ రెండూ తల వైపు లేకపోతే చివరి ఏళ్ల నాణెం అయ్యే అవకాశం తక్కువ. నన్నడిగితే అరిగిపోయిన ముఖం కంటే ఈ అక్షరాలే నమ్మకం.

మరొకరు

మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి ఎక్కువగా ఆగస్టస్, అతని వారసుడు టైబీరియస్‌లది. టైబీరియస్ నాణెం మీద పేరు ప్రథమలోనే ఉంటుంది. మధ్యలో ‘దివి ఆగ్ ఎఫ్’, అంటే దేవుడైన ఆగస్టస్ కొడుకు. ‘దివుస్’ మన ‘దేవ’ శబ్దానికి చుట్టమే.

విభక్తి మాటొచ్చింది కాబట్టి, శాతవాహనుల వెండి నాణేలు చూశారా? వాసిష్ఠీపుత్ర పులుమావి నాణెం మీద ఒక వైపు ప్రాకృతంలో ‘పులుమావిస’, రెండో వైపు ద్రావిడ భాషలో ‘తిరు పులుమావికు’. ఈ ‘కు’ ట్రయానో లాంటి చతుర్థేనా?

జవాబు

అంత దూరం లాగలేమండి. రోమన్లది అంకితం, ఇచ్చేవాళ్ల పేరు పక్కనే ఉంది. ఇక్కడ ఇచ్చేవాళ్లెవరూ లేరు. ప్రాకృతంలో చతుర్థి దాదాపు షష్ఠిలో కలిసిపోయింది, ‘పులుమావిస’ అంటే ‘పులుమావిది’ అనే. దానికి జోడీగా వేసిన ‘కు’ కూడా ఆ అర్థంలోనే ఉండాలి. మనం బడిలో వల్లెవేసిన ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ వరుసలో ‘కున్’ షష్ఠిలోనే ఉంది కదా. ఆ భాష తెలుగా తమిళమా అని మొదలెడతారేమో, ‘కు’ ఇద్దరిదీ. దాన్ని పట్టుకుని ఏదీ తేలదు.