ఫ్రీలాన్స్ డేటాబేస్ పనికి గంట ధర: జీతాన్ని 2,080తో భాగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: విజయవాడ వాసి

నమస్కారం. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ల మీద పని చేస్తున్నాను. ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే నడిచే ప్రోగ్రాములు) రాయడం, మందగించిన క్వెరీలను (డేటా అడిగే ఆదేశాలను) సరిచేయడం, ఒరాకిల్‌లో ఉన్నవాటిని పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చడం నా పని. అమ్మానాన్నల ఆరోగ్యం దృష్ట్యా వచ్చే నెలలో ఉద్యోగం మానేసి విజయవాడ వచ్చేస్తున్నాను. పాత పరిచయం ఉన్న ఒక చిన్న సంస్థవారు తమ ఒరాకిల్ డేటాబేస్‌ను పోస్ట్‌గ్రెస్‌కు మార్చే పని ఇస్తామని, గంటకు ఎంత తీసుకుంటానో చెప్పమని అడిగారు.

ఇప్పుడు నా సీటీసీ ఏడాదికి 18 లక్షలు. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు 2,080 గంటలు. భాగిస్తే గంటకు 865 రూపాయలు వచ్చింది. కాస్త కలిపి 900 అని ఫోనులో అన్నాను. ఇంకా రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. అయితే అవతలివారు ఒక్క మాటైనా బేరమాడకుండా సరేననడంతో ఎక్కడో పొరబడ్డానేమోనన్న అనుమానం మొదలైంది. నా లెక్కలో తప్పు ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు: పాత డీబీఏ

తప్పు 18 లక్షల దగ్గర లేదు, 2,080 దగ్గర ఉంది. ఉద్యోగంలో మీరు సెలవు పెట్టినా, మీటింగులో కూర్చున్నా, సర్వర్ యాక్సెస్ రాక ఖాళీగా ఉన్నా ఆ గంటకు జీతం పడుతుంది. సొంతంగా చేసేటప్పుడు బిల్లులోకి ఎక్కిన గంటకే డబ్బు వస్తుంది, తక్కిన గంటలన్నిటినీ ఆ గంటే మోయాలి.

365 రోజుల్లో శని, ఆదివారాలు 104 తీసేయండి. పండుగలు, ఊరి ప్రయాణాలు, జ్వరాలు, మీ విషయంలో ఆసుపత్రి తిరుగుళ్లు కూడా కలిపి 31 రోజులు అనుకుంటే 230 రోజులు మిగులుతాయి. రోజుకు ఎనిమిది గంటలు పని చేసినా అందులో బిల్లు వేయగలిగేవి అయిదుకు మించవని నా పదకొండేళ్ల అనుభవం. కొటేషన్లు రాయడం, కొత్తవారితో మాట్లాడటం, బకాయిల కోసం ఫోన్లు చేయడం, కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చదువుకోవడం, ఇవన్నీ పనే గాని వీటికి ఎవరూ డబ్బివ్వరు. 230 రోజులకు అయిదు గంటల చొప్పున 1,150. ఒక పనికీ మరో పనికీ మధ్య ఖాళీగా పోయే 30 రోజులు తీసేస్తే 1,000 గంటలు. ఇంతకంటే ఎక్కువ వేసుకుని లెక్క కట్టినవారు రెండో ఏడాది మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడం చూశాను.

ఇక ఖర్చులు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, అమ్మానాన్నలకు వర్తించిన గ్రూపు ఆరోగ్య బీమా, ఇకమీదట మీ చేతి నుంచే. రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు, ఇన్వర్టర్, పరీక్షలకు ఒక క్లౌడ్ సర్వర్, ఆడిటర్ ఫీజు కలిపి ఏడాదికి 3 లక్షలు అనుకుందాం. 18కి 3 కలిపితే 21 లక్షలు, 1,000 గంటలకు పంచితే గంటకు 2,100 రూపాయలు. మీరు చెప్పిన 900కు ఒప్పుకుంటే ఏడాదికి 9 లక్షలు వచ్చి, ఖర్చులు పోను 6 లక్షలు మిగులుతాయి. ఇప్పటి సంపాదనలో అది మూడో వంతు. వాళ్లు బేరమాడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

డేటాబేస్ పనికే ప్రత్యేకమైన విషయం ఇంకొకటి ఉంది. పాత డేటాబేస్ ఆపి కొత్తదానికి మళ్లించే పని దాదాపు ఎప్పుడూ శనివారం రాత్రి పదకొండు తరువాతే జరుగుతుంది. ఆ రాత్రి డేటా కాపీ అవుతూ ఉండగా మీరు తెర వైపు చూస్తూ కూర్చున్న నాలుగు గంటలూ పని గంటలే, ఎందుకంటే మధ్యలో ఏదైనా ఆగితే లేచి పట్టుకోవలసింది మీరే. రాత్రి, ఆదివారం పనులకు ఒకటిన్నర రెట్లు అని ముందే రాసి ఇవ్వండి. పది నిమిషాల ఫోనుకైనా కనీసం ఒక గంట బిల్లు అని కూడా రాయండి. లేకపోతే ప్రతి చిన్న క్వెరీకీ మీరే గుర్తుకొస్తారు.

జవాబు: పద్దుల మనిషి

పై లెక్క నాకు సమ్మతమే గాని పన్నుల సంగతి చెప్పకపోతే అది సగమే. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2,100 చొప్పున 1,000 గంటలంటే 21 లక్షలు, అంటే మీరు గీత దాటినట్టే. కొటేషన్‌లో ‘జీఎస్టీ అదనం’ అన్న మాట లేకపోతే ఆ 18 శాతం మీ ధరలోంచే పోతుంది. అవతలి సంస్థకు జీఎస్టీ నంబరు ఉంటే మీకు కట్టిన జీఎస్టీని సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, సర్దుకుంటుంది కాబట్టి వారికి నొప్పి లేదు. విదేశీ క్లయింట్ల పని ఎగుమతి కిందికి వస్తుంది. ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేస్తే పన్ను కట్టకుండానే బిల్లు వేయవచ్చు, కాకపోతే ఆ రాబడి కూడా 20 లక్షల లెక్కలో కలుస్తుంది.

ఆదాయపు పన్నులో మాత్రం మీకు వెసులుబాటు ఉంది. 1961 చట్టంలో 44ఎడిఎ సెక్షన్‌గా అందరికీ తెలిసిన పద్ధతిలో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వృత్తివారు రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. నగదు వసూళ్లు 5 శాతానికి మించకపోతే దీని పరిమితి 75 లక్షలు. 21 లక్షల్లో సగం పదిన్నర లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు. క్లయింటు కోసే టీడీఎస్, సాధారణంగా 10 శాతం, రిటర్ను వేశాక వెనక్కి వస్తుంది. అయితే అది వచ్చేదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదని గుర్తుంచుకోండి. ఈ మిగులు చూసి ధర తగ్గించకండి, పని దొరకని నెలలకు దాచుకోండి. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. చిన్న సంస్థల బిల్లులు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదన్న చట్టం మీ పక్షాన నిలుస్తుంది.

జవాబు: పని ఇచ్చే వైపు నుంచి

నేను ఇలాంటి పనులు ఇప్పించే పక్షాన ఉంటాను కనుక కాస్త భిన్నంగా చెబుతాను. గంటకు 900 అయినా 2,100 అయినా మాకు భయం ధరతో కాదు, మొత్తం ఎన్ని గంటలవుతాయో తెలియకపోవడంతో. మా దగ్గర ఒకరు టేబుళ్లు మాత్రం లెక్కపెట్టి మొత్తం పనికి ఒకే ధర చెప్పారు. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని పాఠం) అంటే నల్‌తో (విలువే లేదన్న గుర్తుతో) సమానం, పోస్ట్‌గ్రెస్‌లో కాదు. మా ప్రొసీజర్లలో ఆ తేడా మీద ఆధారపడిన షరతులు వందలకొద్దీ బయటపడ్డాయి. ఆయన నష్టపోయారు, మా పని మూడు నెలలు ఆలస్యమైంది, ఇప్పుడు ఆ విషయం ఎత్తితే ఇద్దరికీ ఇబ్బందే.

కాబట్టి ముందు పరిశీలనకే 16 గంటలు గంట ధర మీద అడగండి. ఒరాకిల్‌ను పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చే ఓరా2పీజీ అనే సాఫ్ట్‌వేర్, పనికి ఎంత శ్రమ పడుతుందో అంచనా నివేదిక ఇస్తుంది. దానికి ప్రొసీజర్లను మీరు స్వయంగా చదివి గమనించినవి జోడించండి. ఆ తరువాత, తెలిసిన భాగానికి మొత్తం ధర, తెలియని భాగానికి గంట ధరతో పాటు ఇన్ని గంటలు మించితే అడిగి చేస్తానన్న హద్దు చెప్పండి. అలా రాసి ఇచ్చినవారితో నేను గంట ధర మీద బేరమాడిన గుర్తు లేదు.

ప్రశ్న అడిగినవారు: విజయవాడ వాసి

అందరికీ ధన్యవాదాలు. 900 అన్నది తొందరలో అన్నమాటని ఒప్పుకొని, 2,200 జీఎస్టీ అదనమని, పరిశీలనకు 16 గంటలని ఈమెయిల్ పంపాను. ఒక రోజు మౌనం తరువాత ఫోను చేశారు. నెలకు కనీసం 40 గంటలు ఆరు నెలలపాటు ఖాయం చేస్తే 2,000కు వస్తానన్నాను, ఒప్పుకున్నారు. రాత్రి పనికి ఒకటిన్నర రెట్లు కూడా రాతలో ఉంది. ఒక సందేహం మిగిలింది: మొదటి వారం వారి స్కీమా (టేబుళ్ల అమరిక) చదివి అర్థం చేసుకునే గంటలను బిల్లులో వేయవచ్చా?

జవాబు: పాత డీబీఏ

వేయండి. పోస్ట్‌గ్రెస్ మీరు నేర్చుకునే గంటలు మీవి, వారి టేబుళ్లలో ‘స్టేటస్2’ అన్న కాలమ్‌కు అర్థమేమిటో వెతికే గంటలు వారివి. ఏ రోజు ఏ టేబుల్ చూశారో ఒక్కొక్క వాక్యం బిల్లుతో జతచేయండి చాలు.